స్ట్రాబెర్రీలో రకారాలెన్ని?



2024లో ఇంటర్నెట్‌లో ఒక చిన్న ప్రశ్న తెగ తిరిగింది. ఇంగ్లీషులో రాసే స్ట్రాబెర్రీ మాటలో ‘ఆర్’ అనే అక్షరం ఎన్నిసార్లు వస్తుంది? మూడో తరగతి పిల్లవాడైనా వేలు పెట్టి చూపించి మూడు అంటాడు. అడగ్గానే కవిత్వం అల్లేసే చాట్‌బాట్లు మాత్రం ఏమాత్రం తడుముకోకుండా రెండు అన్నాయి. కాదు, మళ్ళీ చూడమంటే క్షమాపణ చెప్పి మళ్ళీ రెండే అన్నవీ ఉన్నాయి. అవి మాటను అక్షరాలుగా చదవవు. ముక్కలుగా విరిచి, ఒక్కో ముక్కకు ఒక్కో అంకె ఇచ్చుకుని, ఆ అంకెలతోనే పని నడిపిస్తాయి. కంటికి ఆననిదాన్ని లెక్కపెట్టమంటే ఊహించి చెప్పాయంతే.

ఇదే పనిని పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఒక్క వరుసలో చేసేస్తుంది. ఇది 1991లో గీడో వాన్ రోసమ్ అనే డచ్చి ప్రోగ్రామర్ లోకానికి ఇచ్చిన భాష. మాటను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టాలి, పక్కన చుక్క పెట్టి కౌంట్ అని రాయాలి, బ్రాకెట్లలో వెతకాల్సిన అక్షరం ఇవ్వాలి. జవాబు మూడు. ఇందులో తెలివీ లేదు, ఊహా లేదు. ఈ కొస నుంచి ఆ కొసకు నడుచుకుంటూ పోవడం, కావలసిన అక్షరం తగిలినప్పుడల్లా ఒకటి కలుపుకోవడం, అంతే.

ఇప్పుడు అదే పండు పేరును తెలుగులో రాసి, రకారాలు ఎన్నో లెక్కపెట్టమని ఆ భాషనే అడిగితే? జవాబు మళ్ళీ మూడే. శ్రోతల్లో ఎవరి చేతిలోనైనా కాగితం ఉంటే ఒకసారి రాసి చూసుకోవచ్చు. మొదటి అక్షరం స్ట్రా. అందులో ర అనే అక్షరం ఎక్కడా నిలబడి కనిపించదు, వత్తుగా కింద ఒదిగి ఉంటుంది. చివరి అక్షరం ర్రీ. అందులో పైన ఒక ర, కింద ఒక ర వత్తు. బడిపిల్లవాడు ఒకటి అనవచ్చు, వాళ్ళ తెలుగు మాస్టారు మూడు అనవచ్చు. కంప్యూటరు మాస్టారి పక్షం.

మొత్తం అక్షరాలెన్ని అని అడిగితే మాత్రం అది ఎవరి పక్షానా నిలబడదు. మనకు స్ట్రా, బె, ర్రీ అని మూడే అక్షరాలు. కంప్యూటరుకు పన్నెండు! సకారం, పొల్లు గుర్తు, టకారం, మళ్ళీ పొల్లు గుర్తు, రకారం, దీర్ఘం. ఇక్కడికి స్ట్రా పూర్తయింది. ఆ తర్వాత బకారం, ఎత్వం. ఆపైన రకారం, పొల్లు గుర్తు, ఇంకో రకారం, గుడిదీర్ఘం. యూనికోడ్ అనే అంతర్జాతీయ అక్షరపట్టికలో ఈ ఒక్కొక్కదానికీ ఒక్కో సంఖ్య ఉంది. వత్తులకు వేరే సంఖ్యలు లేవు. హల్లు, పొల్లు గుర్తు, దాని వెంట ఇంకో హల్లు వస్తే ఆ రెండోదాన్ని వత్తుగా దించి చూపించడం ఫాంటు పని. అందుకే రకారం పైన ఉన్నా కింద ఉన్నా కౌంట్‌కు ఒకటే.

ఒక్క అక్షరమే కాక అన్నిటి లెక్కా ఒకేసారి కావాలంటే పైథాన్‌లో కౌంటర్ అనే పనిముట్టు ఉంది. ఓట్ల లెక్కింపు బల్ల మీద అభ్యర్థికో ట్రే పెట్టినట్టు, అది అక్షరానికో అర తెరుస్తుంది. అమ్మమ్మ అనే మాట ఇస్తే అ దగ్గర ఒకటి, మ దగ్గర నాలుగు, పొల్లు గుర్తు దగ్గర రెండు పడతాయి. ముందుగా ఏ అక్షరాలు వస్తాయో చెప్పనక్కర లేదు. కొత్తది కనిపించగానే కొత్త అర తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో అయితే పెద్దబడి అక్షరాన్నీ చిన్నబడి అక్షరాన్నీ వేర్వేరు అరల్లో వేసేస్తుంది కాబట్టి ముందు అన్నిటినీ ఒక బడికి మార్చుకోవాలి. తెలుగుకు ఆ బాధ లేదు. బదులుగా వేరే బాధలున్నాయి, వాటి దగ్గరికే వద్దాం.

అంతకుముందు కౌంట్‌లో కొత్తవాళ్ళు బోల్తాపడే చోటు ఒకటి చెప్పాలి. గలగలగల అనే మాటలో గలగల ఎన్నిసార్లు ఉంది? మొదటి గ నుంచి చదివితే ఒకటి, మూడో అక్షరం నుంచి చదివితే ఇంకొకటి, వెరసి రెండు. పైథాన్ ఒకటే అంటుంది. ఒకసారి లెక్కలోకి వచ్చిన అక్షరాన్ని అది రెండోసారి ముట్టుకోదు, దొరికిన ముక్క దాటాకే మళ్ళీ వెతుకుతుంది. దాని నిబంధన అది. తప్పు అనుకుంటే ఆ నిబంధన తెలియకుండా అడిగిన మనది.

కంప్యూటర్లు పుట్టక ముందే మనుషులు ఈ లెక్కలు వేశారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అల్ కిందీ అనే పండితుడు, రహస్యలేఖలో ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి, భాషలో ఎక్కువగా వచ్చే అక్షరాలతో పోల్చి చూస్తే గుట్టు బయటపడుతుందని రాసిపెట్టాడు. అమెరికాలో టెలిగ్రాఫు సంకేతాలు కూర్చేటప్పుడు మోర్స్ సహచరుడు ఆల్ఫ్రెడ్ వెయిల్, మోరిస్‌టౌన్‌లోని ఒక పత్రిక అచ్చాఫీసుకు వెళ్ళి, ఏ అక్షరానికి ఎన్ని సీసపు అచ్చులు ఉంచుకున్నారో చూసి వచ్చాడని చెబుతారు. ఎక్కువగా వాడే ‘ఈ’కి ఒక్క చుక్క దక్కింది.

వీళ్ళందరిలో లెక్కకు నిలబడ్డ మనిషి ఆంద్రే మార్కోవ్. రష్యా గణితజ్ఞుడు. ఆయన పుష్కిన్ రాసిన ‘యెవ్గేనీ అనేగిన్’ తీసుకుని, మొదటి నుంచి 20,000 అక్షరాలను చేత్తో లెక్కపెట్టాడు. 8,638 అచ్చులు, 11,362 హల్లులు తేలాయి. అచ్చు వెంట అచ్చు ఎన్నిసార్లు వచ్చింది, హల్లు వెంట అచ్చు ఎన్నిసార్లు వచ్చిందని కూడా చూసి, ఒక అక్షరం రాక దాని ముందు అక్షరం మీద ఆధారపడుతుందని 1913లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నిరూపించాడు. ఈనాటి చాట్‌బాట్ల వంశవృక్షం గీస్తే మూలపురుషుల్లో ఆయన ఉంటాడు. ఆ వంశంలో పుట్టినవి ఒక పండు పేరులో అక్షరాలు లెక్కపెట్టలేక అభాసుపాలు కావడం చిత్రమే!

మార్కోవ్ చేసిన పనుల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోనిది ఒకటుంది. లెక్క మొదలుపెట్టే ముందే ఆయన రష్యన్ లిపిలోని రెండు గుర్తులను పక్కన పెట్టేశాడు. ఒకటి ముందు హల్లును మెత్తబరిచేది, రెండోది గట్టిపరిచేది. వాటికి సొంత ధ్వని లేదు. అచ్చులూ కావు, హల్లులూ కావు. ఏది అక్షరమో ఏది కాదో తేల్చుకున్నాకే ఆయన కలం కదిలింది.

ఆ మార్కోవే తెలుగు పుస్తకం పట్టుకుని ఉంటే? కమల అనే మాట చాలు ఆయన్ని ఆపడానికి. చెవికి మూడు హల్లులు, మూడు అకారాలు. యూనికోడ్‌లో మూడే సంకేతాలు: క, మ, ల. అకారాలు ఎన్ని అని కౌంట్‌ను అడిగితే సున్నా అంటుంది. అకారం హల్లులోనే ఇమిడి ఉంది, దానికంటూ వేరే సంకేతం లేదు. రామా అన్నప్పుడు ఆకారాలు లెక్కపెట్టమన్నా సున్నాయే, ఎందుకంటే మాట మొదట వచ్చే ఆ వేరు, హల్లు పక్కన వచ్చే దీర్ఘం వేరు. గుర్రం అని రాస్తే రెండు రకారాలు. పాత పద్ధతిలో గుఱ్ఱం అని రాస్తే ఒక్కటీ లేదు. యూనికోడ్‌లో ర సంఖ్య 3120, బండి ఱ సంఖ్య 3121. పక్క పక్క ఇళ్ళే అయినా కౌంట్‌కు చుట్టరికాలు తెలియవు. కృష్ణలో రకారం వినబడినా దొరకదు, అక్కడున్నది వట్రసుడి.

ఇవన్నీ పై అంతస్తు సంగతులు. కింది అంతస్తులో బైట్లుంటాయి.

1978లో బ్రయన్ కెర్నిగన్, డెన్నిస్ రిచీ కలిసి రాసిన సి భాష పుస్తకంలో మొదటి అధ్యాయంలోనే అక్షరాలు లెక్కపెట్టే ప్రోగ్రాం ఉంటుంది. ఇంజనీరింగ్ కాలేజీల్లో తరాల తరబడి విద్యార్థులు టైపు చేసి చూసుకున్న ప్రోగ్రాం అది. దాని దృష్టిలో ఒక అక్షరమంటే ఒక బైటు. ఇంగ్లీషుకు సరిపోయింది. తెలుగు అని తెలుగులో రాసి దానికిస్తే పద్దెనిమిది అంటుంది. ఈ రోజు ఇంటర్నెట్‌లో ఎక్కువగా నడిచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. తకారం, ఎత్వం, లకారం, కొమ్ము, గకారం, కొమ్ము అని ఆరు సంకేతాలు. ఆరు మూళ్ళు పద్దెనిమిది. ఈ పద్ధతిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే ఇద్దరు న్యూజెర్సీలో ఒక హోటల్లో, పళ్ళెం కింద పరిచే కాగితం మీద రూపొందించారు. పాత పైథాన్ కూడా తెలుగుకు పద్దెనిమిదే అనేది. 2008 డిసెంబరులో వచ్చిన మూడో పైథాన్ నుంచి ఆరు అంటోంది. మనం అనుకునే మూడుకు ఇంకా దూరమే.

కంటికి కనబడనివి కూడా లెక్కలో పడతాయి. సాఫ్ట్‌వేర్ అని టైపు చేసేటప్పుడు టకారం పొల్లు కింద వ వత్తు పడకుండా మధ్యలో వెడల్పు లేని ఒక గుర్తు పెడతారు. తెర మీద దానికి చోటు ఉండదు, లోపల మాత్రం ఒక సంకేతమూ మూడు బైట్లూ తీసుకుంటుంది. ఆ గుర్తు పెట్టకుండా టైపు చేసిన ఫైల్లో, అది పెట్టిన మాట కోసం వెతికితే దొరకదు. ఇది చిల్లర విషయం అనుకునేవాళ్ళకు 2018 ఫిబ్రవరి గుర్తుచేయాలి. జ్ఞా అనే తెలుగు అక్షరం లోపల, జ్ఞకూ దీర్ఘానికీ మధ్య సరిగ్గా ఈ కనబడని గుర్తు వచ్చి చేరింది. అలా తయారైన అయిదు సంకేతాల వరస మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ప్రపంచమంతా తెలుగు అక్షరం ఫోన్లను పడగొడుతోందని వార్తలు రాశారు. పాపం, తప్పు అక్షరానిది కాదు, దాన్ని కూర్చి గీయాల్సిన సాఫ్ట్‌వేర్‌ది. యాపిల్ ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది.

మరి తెలుగువాడికి కావలసిన లెక్క రాబట్టడం ఎలా? దీనికి కొత్త పనిముట్లేవీ అక్కర్లేదు. కౌంట్ చాలు, కాస్త వ్యాకరణం చాలు. మాటలో విడిగా నిలబడ్డ అచ్చులు ఎన్నో లెక్కపెట్టాలి. దానికి హల్లుల సంఖ్య కలపాలి. అందులోంచి పొల్లు గుర్తుల సంఖ్య తీసేయాలి. అంతే. అమ్మ: ఒక అచ్చు, రెండు హల్లులు, ఒక పొల్లు, మిగిలింది రెండు. స్ట్రాబెర్రీ: ఆరు హల్లులు, మూడు పొల్లులు, మిగిలింది మూడు. రాజమహేంద్రవరం: ఎనిమిది హల్లులు, ద్ర దగ్గర ఒక్క పొల్లు, మిగిలింది ఏడు. గుణింతపు గుర్తుల్ని, సున్నను అసలు ముట్టుకోనే లేదు. యూనికోడ్‌లో అ నుంచి ఔ వరకు 3077 నుంచి 3092 దాకా, క నుంచి హ వరకు 3093 నుంచి 3129 దాకా ఉన్నాయి, పొల్లు గుర్తు 3149. కాబట్టి ప్రోగ్రాం నాలుగు వరుసలకు మించదు.

ఈ లెక్క కుదరడానికి కారణం ఉంది. అక్షరానికి ప్రాణం అచ్చు. పొల్లు గుర్తు పడ్డ ప్రతిచోటా ఒక హల్లు తన అచ్చును వదులుకుంటుంది. హల్లుల్లోంచి పొల్లుల్ని తీసేస్తే మిగిలేవి అచ్చు ఉన్న హల్లులే. పద్యాలు రాసేవాళ్ళు ఏనాటి నుంచో చేస్తున్న లెక్క ఇదే. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21 అన్నప్పుడు వాళ్ళు లెక్కపెట్టేది వీటినే. వచ్చెన్ అనే మాటలో చివరి నకారపొల్లును పద్యంలో వేరే అక్షరంగా చూడరు, ముందున్న చ్చెతో కలిపేస్తారు. మన సూత్రమూ అంతే: నాలుగు హల్లులు, రెండు పొల్లులు, జవాబు రెండు.

అయితే గళ్ళ నుడికట్టు నింపేవాళ్ళు ఈ జవాబు ఒప్పుకోరు. వాళ్ళు సాధారణంగా పొల్లు అక్షరానికి విడిగా ఒక గడి ఇస్తారు. వచ్చెన్ అనడానికి వ, చ్చె, న్ అని మూడు గళ్ళు కావాలి. యూనికోడ్ కూడా గళ్ళవాళ్ళ దారిలోనే ఉంది, అదీ ఆలస్యంగా. పాఠకుడు ఒక అక్షరంగా చూసే ముక్కను గుర్తించే నియమాలు దానికి ఎప్పటి నుంచో ఉన్నా, పాత నియమాల ప్రకారం స్త్రీ అనే అక్షరాన్ని మూడు ముక్కలు చేసేవారు. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1 వెర్షన్‌లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విరవకూడదని నియమం చేర్చారు. అప్పటికి గానీ స్త్రీ ఒక్కటి కాలేదు. స్విఫ్ట్ లాంటి భాషలు అక్షరాల లెక్క అడిగితే ఈ ముక్కల లెక్కే చెబుతాయి. పైథాన్‌కు మాత్రం బయటి నుంచి వేరే లైబ్రరీ తెచ్చి కలపాలి.

సాఫ్ట్‌వేర్ అన్న ఒక్క మాటనే చూడండి. బైట్లలో 33, సంకేతాల్లో 11, గళ్ళలో 4, ఛందస్సులో 2. నాలుగూ సరైన జవాబులే.

ఇంతసేపూ సంకేతాల లెక్క అంటే మోటు లెక్క అన్నట్టు మాట్లాడుకున్నాం. అదే అన్నిటికంటే బాగా పనికొచ్చే చోటు కూడా ఉంది. తెలుగులో నిరోష్ఠ్య కావ్యాలున్నాయి. పెదవులు తగలకుండా పలికే మాటలతోనే రాయాలి, అంటే ప, ఫ, బ, భ, మ ఎక్కడా రాకూడదు. పదహారో శతాబ్దపు కవి మరింగంటి సింగరాచార్యులు ఇలా రాసిన రామకథ పేరు ‘దశరథరాజనందన చరిత్ర’. రాముడు అని పేరు పెడదామంటే మకారం అడ్డం! దశరథరాజు కొడుకు అని తిప్పి చెప్పాల్సి వచ్చింది. ఇలాంటి కావ్యాన్ని పరీక్షించాలంటే మనిషి కన్ను వత్తుల దగ్గర మోసపోతుంది. కౌంట్ మోసపోదు. పకారం పైనున్నా వత్తుగా కిందున్నా దానికి ఒకటే కాబట్టి, అయిదు హల్లులకూ అయిదుసార్లు కౌంట్ పిలిచి, అయిదు సున్నాలు వచ్చాయా లేదా చూసుకుంటే పని అయిపోతుంది. కావ్యం పేరు మీద ప్రయోగిస్తే అయిదూ సున్నాలే. కవి ఇంటిపేరు మొదటి అక్షరంతోనే తప్పుతుంది, అది ఆయన చేతిలో లేదు. పదం చివర సున్న వచ్చి పెదవులు మూతపడే చోట్లు మాత్రం కౌంట్‌కు అందవు. అవి చెవి పట్టుకోవాల్సిందే.

చివరగా నిత్యజీవితంలోకి. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో పేరు రాసే గడికి 20 అక్షరాల హద్దు పెట్టడం మామూలే. లక్ష్మీనరసింహశాస్త్రి అనే పెద్దమనిషి తన పేరు తెలుగులో రాస్తారనుకుందాం. ఆయన లెక్కలో ఎనిమిది అక్షరాలు. కంప్యూటరు లెక్కలో 21 సంకేతాలు. ఇరవయ్యో దాని దగ్గర కోసేస్తే చివరి గుడి ఎగిరిపోయి, శాస్త్రి గారు శాస్త్ర అయి కూర్చుంటారు. అదే గడి 20 బైట్లదైతే ఆరు సంకేతాలే పడతాయి, లక్ష్మ దగ్గరే పేరు ఆగిపోతుంది. హద్దు పెట్టిన ప్రోగ్రామర్ ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి తృప్తిపడి ఉంటాడు. ఎస్ఎంఎస్‌లోనూ ఇదే తీరు. ఇంగ్లీషులో ఒక మెసేజీకి 160 అక్షరాలు పడితే, ఒక్క తెలుగు అక్షరం చేరినా హద్దు 70 సంకేతాలకు పడిపోతుంది. తెలుగులో పంపే హెచ్చరికలు, ఓటీపీలు రెండు మూడు మెసేజీలుగా విడిపోవడానికి అదే కారణం.

తెలుగువాళ్ళ కోసం వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసే వాళ్ళకు ఈ ప్రసంగం తరఫున ఒక విన్నపం. పేరు గడికి హద్దు పెట్టే ముందు అది దేని హద్దో తేల్చుకోండి: బైట్లా, సంకేతాలా, మనుషులు చదివే అక్షరాలా? కోయక తప్పదంటే పూర్తి అక్షరం దగ్గరే కోయండి. పరీక్షకు స్త్రీ, జ్ఞానం, సాఫ్ట్‌వేర్, లక్ష్మీనరసింహశాస్త్రి, ఈ నాలుగు మాటలూ టైపు చేసి చూడండి. శాస్త్రి గారి పేరు పూర్తిగా పట్టాలంటే యూటీఎఫ్-8లో 63 బైట్లు కావాలి.